బొమ్మల సినిమా అంతా పిల్లల సినిమా కాదు

సెలవులు వచ్చాయంటే తల్లులు మమ్మల్ని అడిగే ప్రశ్నల్లో జ్వరం, విరేచనాల తరువాత ఈ మధ్య ఇంకొకటి చేరింది. "పిల్లోళ్లు సినిమాకు పోదామని ఒకటే గోల. ఏది చూపించమంటారు సిస్టరమ్మా?" అని. మేము జవాబు చెప్పేలోపే, "బొమ్మల సినిమానే కదా, ఏమవుతుందిలే" అని వాళ్లే తేల్చేస్తారు. ఆ మాట ఎంతవరకు నిజమో ఆలోచించడానికే ఈ వ్యాసం.

మేము సినిమా విమర్శకులం కాము, పిల్లల వార్డులో పనిచేసే నర్సులం. అయితే రాత్రి డ్యూటీలో ఉలిక్కిపడి లేచే పిల్లలను, మానిపోయిన పక్కతడుపు అలవాటు మళ్లీ మొదలైన పిల్లలను, గోడ మీది నుండి 'ఎగిరి' చెయ్యి విరగ్గొట్టుకున్న పిల్లలను చూసేది మేమే. "ఏమి చూశావు నాయనా?" అని మెల్లగా అడిగితే, కొన్నిసార్లు సంగతి ఒక సినిమా దగ్గర తేలుతుంది. అందుకే మేము తల్లులకు చెప్పేది ఒక్కటే. సినిమా కూడా మందు వంటిదే. ఎంత మంచి మందయినా వయసుకు తగిన మోతాదు ఉంటుంది. ఇచ్చేటప్పుడు పెద్దవాళ్లు పక్కన ఉండాలి.

గీసిన బొమ్మే, భయం మాత్రం నిజం

యానిమేషన్ అనేది సినిమా తీసే ఒక పద్ధతి. అది ప్రేక్షకుల వయసు చెప్పదు. ఇందుకు మంచి ఉదాహరణ జపాన్‌లో ఉంది. అక్కడి జిబ్లీ స్టూడియో 1988 ఏప్రిల్ 16న రెండు బొమ్మల సినిమాలను జంటగా విడుదల చేసింది. ఒకటి 'మై నైబర్ టొటోరో'. అమ్మ జబ్బుతో ఆసుపత్రిలో ఉంటుంది. ఇద్దరు అక్కచెల్లెళ్లు నాన్నతో పల్లెకు వచ్చి, అడవిలోని ఒక వింత ప్రాణితో స్నేహం చేస్తారు. ఆ కథలో దుర్మార్గుడే లేడు. రెండవది 'గ్రేవ్ ఆఫ్ ది ఫైర్‌ఫ్లైస్'. యుద్ధంలో తల్లిని పోగొట్టుకున్న అన్నాచెల్లెళ్లు ఆకలితో కృశించిపోయే కథ అది. చూసిన పెద్దవాళ్లకే తేరుకోవడానికి సమయం పడుతుంది. రెండూ చేత్తో గీసిన బొమ్మలే, ఒకే స్టూడియోవే. మొదటిది అయిదేళ్ల బిడ్డకు చూపవచ్చు. రెండవది పెద్ద పిల్లలకు, అదీ పెద్దవాళ్ల తోడుతో మాత్రమే.

వైద్య పత్రికలు కూడా ఈ విషయాన్ని పట్టించుకున్నాయి. అమెరికన్ మెడికల్ అసోసియేషన్ పత్రికలో 2000లో వచ్చిన ఒక పరిశోధనలో, 1937 నుండి 1999 వరకు విడుదలై 'అందరూ చూడదగినవి' అని ముద్ర పడిన 74 బొమ్మల చిత్రాలను పరిశీలించారు. హింస లేని సినిమా ఒక్కటీ కనబడలేదు. సగటున ఒక్కో సినిమాలో తొమ్మిదిన్నర నిమిషాలు కొట్లాటలే. 2014లో బ్రిటిష్ మెడికల్ జర్నల్ 45 పిల్లల బొమ్మల చిత్రాలను, పెద్దల కోసం తీసిన 90 చిత్రాలతో పోల్చిన పరిశోధనను ప్రచురించింది. ముఖ్య పాత్ర తెర మీద చనిపోవడం పెద్దల సినిమాల్లో సగం వాటిలోనే ఉండగా, పిల్లల సినిమాల్లో మూడింట రెండు వంతుల వాటిలో ఉంది. 'బొమ్మలే కదా' అనే ధైర్యానికి ఆధారం లేదన్నమాట.

సర్టిఫికెట్ ఏమి చెబుతుంది, ఏమి చెప్పదు

మన దేశంలో థియేటరుకు వచ్చే ప్రతి సినిమాకూ సెన్సారు బోర్డు సర్టిఫికెట్ ఉంటుంది. 'యు' అంటే అందరూ చూడవచ్చు. 'ఎ' అంటే 18 ఏళ్లు నిండినవారికే. మధ్యలో ఉన్న 'యు/ఎ' 1983లో వచ్చింది. పన్నెండేళ్లలోపు పిల్లలకు తల్లిదండ్రుల మార్గదర్శకత్వం అవసరమని దాని భావం. అందులో ఒక ఇబ్బంది ఉండేది. నాలుగేళ్ల బిడ్డనూ పదకొండేళ్ల బిడ్డనూ అది ఒకే గాటన కట్టేది. 2023లో చట్టాన్ని సవరించి, 2024 నియమాలతో 'యు/ఎ' ను 7+, 13+, 16+ అని మూడుగా విడగొట్టారు. ఇంట్లో ఓటీటీలో వచ్చే సినిమాలకు 2021 నుండే ఇటువంటి వయసు గుర్తులు ఉన్నాయి. 13+ మొదలు ఆపైవాటికి పిల్లలు తెరవకుండా తాళం వేసుకొనే సౌకర్యం కూడా ఉండాలని నియమం.

తల్లిదండ్రులు ఇక్కడ రెండు సంగతులు గుర్తుంచుకోవాలి. మొదటిది, 'యు/ఎ' పక్కన ఉన్న అంకె నిషేధం కాదు, సలహా. నిర్ణయం మీదే. రెండవది, బోర్డు సినిమాను చూస్తుందే గాని మీ బిడ్డను చూడలేదు. నిన్ననే కుట్లు విప్పించుకున్న బిడ్డ, పోయిన నెల తాతను పోగొట్టుకున్న బిడ్డ, చీకటంటే బెదిరే బిడ్డ బోర్డుకు తెలియరు. మీకు తెలుసు.

వయసును బట్టి మోతాదు

రెండేళ్లలోపు: సినిమా వద్దు, ఫోనూ వద్దు. భారతీయ శిశువైద్యుల సంఘం (ఐ.ఎ.పి.) 2021 మార్గదర్శకాలు ఈ వయసులో అప్పుడప్పుడు బంధువులతో వీడియో కాల్ తప్ప తెర అసలు వద్దన్నాయి. బొమ్మలు పెట్టి సంగటి ముద్దలు మింగించే అలవాటు చాలా ఇళ్లలో ఉంది. బిడ్డ తినేది తెలియకుండా తింటే ఆకలీ తెలియదు, కడుపు నిండిన సంగతీ తెలియదు.

రెండు నుండి అయిదేళ్లు: రోజుకు మొత్తం మీద ఒక గంటకు మించరాదు. తగ్గిస్తే ఇంకా మంచిది. రెండు గంటల సినిమా, చీకటి హాలు, గుండె అదిరే శబ్దం ఈ వయసుకు ఎక్కువ మోతాదే. ఈ పిల్లలను భయపెట్టేది రూపం. లోపల ఎంత మంచివాడైనా కోరలున్నవాడంటే బెదురుతారు. నవ్వుతూ మోసం చేసేవాడంటే బెదరరు. మనిషి కళ్లెదుటే రాక్షసుడుగా మారే దృశ్యం వారికి అన్నింటికన్నా కష్టం.

ఆరు నుండి తొమ్మిదేళ్లు: ఇది కథ అని చెబితే అర్థమవుతుంది. కాని చూసింది చేసి చూడాలనే ఉబలాటం ఈ వయసులోనే ఎక్కువ. హైదరాబాదులో గ్రీన్ గోల్డ్ సంస్థ తయారుచేసి, 2008లో టీవీకి వచ్చిన 'ఛోటా భీమ్' ను ఎరుగని పిల్లలు లేరు. లడ్డు తింటే భీముడికి బలం వస్తుంది. తిరుపతి పిల్లలకు లడ్డు సంగతి ఒకరు చెప్పనక్కరలేదు గాని, బలానికి రాగి సంగటి, పప్పు, ఆకుకూర, గుడ్డు కావాలని మనమే చెప్పాలి. అలాగే తెర మీద కొండ మీది నుండి పడినవాడు దులుపుకొని లేస్తాడు, మిద్దె మీది నుండి పడినవాడు లేవలేడు అని కూడా.

పదేళ్లు దాటినవారు: రాక్షసులకు భయపడరు. నిజంగా జరగగల వాటికి భయపడతారు. తప్పిపోవడం, ఎవరో ఎత్తుకుపోవడం, అమ్మకు జబ్బు చేయడం వంటివి. వీరికి భావాల గురించి మాట్లాడే సినిమాలు మేలు చేస్తాయి. 2015లో వచ్చిన 'ఇన్‌సైడ్ అవుట్' లో పదకొండేళ్ల రైలీ పాత ఊరు, స్నేహితులు వదిలి కొత్త ఊరికి పోతుంది. ఆమె మనసులోని సంతోషం, దుఃఖం, భయం, కోపం, అసహ్యం ఒక్కొక్కటీ ఒక్కొక్క పాత్ర. దుఃఖాన్ని అణచిపెడితే మనసు మొద్దుబారిపోతుందని, ఏడవవలసినప్పుడు ఏడిస్తేనే తల్లిదండ్రులు దగ్గరకు వస్తారని ఆ కథ చెబుతుంది. మన ప్రాంతంలో ఎందరో పిల్లలు ఇదే వయసులో హాస్టళ్లకు పోతున్నారు. పంపే ముందు ఇంటిల్లిపాదీ కూర్చొని చూడదగిన సినిమా అది.

మన ఊరి భారతం నేర్పే పాఠం

"మరి మన పిల్లలు భారతం చూడరా? అందులో యుద్ధమే కదా?" అని ఒక పెద్దాయన మమ్మల్ని అడిగారు. మంచి ప్రశ్న. చిత్తూరు ప్రాంతపు పల్లెల్లో ద్రౌపదీ దేవి గుడుల దగ్గర భారత ఉత్సవాలు జరుగుతాయి. పగలు హరికథ, రాత్రి వీధినాటకం. అర్జునుడి తపస్సు నాడు వేషగాడు ఎత్తయిన మాను ఎక్కుతాడు. చివరకు నేల మీద మట్టితో పెద్ద దుర్యోధనుడి బొమ్మ చేసి, దాని మీద భీముడు, దుర్యోధనుడు గదలతో తలపడతారు. తొడ పగలగొట్టడం పిల్లలందరూ చూస్తారు. అయినా ఆ రాత్రి జ్వరం వచ్చి మా దగ్గరకు పరుగెత్తుకొచ్చిన బిడ్డలు అరుదు.

కారణాలు మూడని మాకు తోస్తుంది. ఆ దుర్యోధనుడు పొద్దున టీ అంగట్లో కనబడిన మనిషే. బిడ్డ కూర్చున్నది అవ్వ ఒడిలో. కథ వధ దగ్గర ఆగిపోదు, ధర్మరాజు పట్టాభిషేకం దాకా పోతుంది. అంటే భయానికి ఒక ముఖం తెలుసు, పట్టుకోవడానికి ఒక చేయి ఉంది, చివర ఒక నెమ్మది ఉంది. కుటుంబంతో చూడదగిన బొమ్మల సినిమాలో మేము వెతికేవి కూడా ఈ మూడే.

2025 జూలై 25న విడుదలైన 'మహావతార్ నరసింహ' సినిమాకు తెలుగు కుటుంబాలు పిల్లలను చంకనెత్తుకొని వెళ్లాయి. ప్రహ్లాదుడి కథ మన పిల్లలకు కొత్తది కాదు. కాని అవ్వ చెప్పే కథలో హిరణ్యకశిపుడు బిడ్డ ఊహ పట్టినంతే ఉంటాడు. తెర మీద గోడంత ఉంటాడు. అవ్వ బిడ్డ ముఖం చూసి కథను తగ్గిస్తుంది, 'ఊ' కొట్టడం ఆగితే నిద్రపుచ్చుతుంది. తెర ముఖం చూడదు. కథ ముందే తెలిసిన పదేళ్ల పిల్లవాడు తండ్రి పక్కన కూర్చొని చూడటం వేరు, మూడేళ్ల బిడ్డ కడుపు చీల్చే ఘట్టం చూడటం వేరు. ఇది ఒక మతం సంగతి కాదు. ఆదివారపు బడుల్లో చూపే 'ది ప్రిన్స్ ఆఫ్ ఈజిప్ట్' (1998) లో తొలిచూలు బిడ్డలు చనిపోయే ఘట్టం ఉంది. దేవుని కథ అన్నంత మాత్రాన అది అన్ని వయసులకూ సరిపోదు.

చావు ఉన్న సినిమా చూపవచ్చునా?

చాలామంది తల్లులు చావు, ఏడుపు ఉన్న సినిమా అసలు వద్దంటారు. మేము అలా అనము. 'ది లయన్ కింగ్' 1994లో గీత బొమ్మలతో వచ్చింది. 2019లో కంప్యూటర్ బొమ్మలతో తెలుగులో కూడా వచ్చింది, నాని సింబాకు గొంతు ఇచ్చారు. అందులో తండ్రి చనిపోతాడు. "నా వల్లే నాన్న పోయాడు" అని ఆ సింహం పిల్ల నమ్ముతుంది. ఇంట్లో చావు జరిగిన పిల్లలు చాలామంది లోలోపల ఇదే నమ్ముతారు. "నేను అల్లరి చేసినందుకే తమ్ముడికి జబ్బు చేసింది" అని వార్డులో గుసగుసగా చెప్పిన పిల్లలను మేము ఎరుగుదుము. మనమేమో "అవ్వ ఊరికి పోయింది" అని చెప్పి తప్పించుకుంటాము. బిడ్డ రోజూ వాకిలి వైపు చూస్తుంటాడు. ఆరేడేళ్లు దాటిన బిడ్డకు ఇటువంటి సినిమా మాట తెరిచే తాళంచెవి కావచ్చు. తండ్రి పోవడం ఆ సింహం పిల్ల తప్పు కాదని మనం నోరు విప్పి చెప్పాలి. అయితే చావు జరిగిన వెంటనే, ఇంట్లో ఇంకా కన్నీళ్లు ఆరకముందే చూపరాదు.

మచ్చ ఉన్నవాడే చెడ్డవాడా?

అదే సినిమాలో విలన్ పేరే 'స్కార్', అంటే మచ్చ. ముఖం మీద గాటు, కుంటి కాలు, గూని, లావు శరీరం, నల్లని రంగు ఇచ్చి చెడ్డవాణ్ణి తయారుచేయడం బొమ్మల సినిమాల్లో పాత అలవాటు. సలసల కాగే అన్నం గిన్నె మీద పడి ముఖం కాలిన పిల్లలకు మేము నెలల తరబడి కట్లు కడతాము. గాయం మానుతుంది. తిరిగి బడికి పోయిన రోజున తోటి పిల్లలు రాక్షసుడి పేరు పెడితే పడే గాయానికి మా దగ్గర కట్టు లేదు. 2018లో బ్రిటిష్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ ఒక మంచి నిర్ణయం ప్రకటించింది. ముఖం మీద మచ్చలతో విలన్లను చూపే సినిమాలకు ఇకపై డబ్బు ఇవ్వబోమని చెప్పింది.

దీనికి ఎదురుగా మంచి ఉదాహరణలు ఉన్నాయి. 'ఫైండింగ్ నీమో' (2003) లో చేపపిల్లకు పుట్టుకతోనే ఒక రెక్క చిన్నది. 'హౌ టు ట్రెయిన్ యువర్ డ్రాగన్' (2010) చివర కథానాయకుడైన కుర్రవాడు ఒక పాదం పోగొట్టుకొని కృత్రిమ పాదంతో నడుస్తాడు. ఎవరూ జాలిపడరు, ఎగతాళి చేయరు.

పొగ, మద్యం సంగతి కూడా చూడాలి. 1937 నుండి 1997 వరకు వచ్చిన 50 బొమ్మల చిత్రాలను పరిశీలిస్తే, మూడింట రెండు వంతుల వాటిలో పొగాకో మద్యమో కనబడిందని 1999లో ఒక వైద్య పత్రిక తెలిపింది. తాగినవాణ్ణి చూపి నవ్వించే సినిమా అయితే, "ఇందులో నవ్వడానికి ఏముంది?" అని పిల్లలను అడగండి. తాగే తండ్రి ఉన్న ఇంటి బిడ్డకు అది నవ్వులాట కాదు.

మిరుమిట్లు గొలిపే వెలుగు

1997 డిసెంబరు 16న జపాన్‌లో 'పోకెమాన్' టీవీ కార్టూన్‌లో ఎరుపు, నీలం వెలుగులు సెకనుకు సుమారు 12 సార్లు చొప్పున మారిమారి వెలిగాయి. ఆ సాయంత్రం సుమారు 685 మంది పిల్లలను ఆసుపత్రులకు చేర్చారు. కొందరికి ఫిట్సు, మరికొందరికి తలతిప్పు, వాంతి. 2018లో 'ఇన్‌క్రెడిబుల్స్ 2' విడుదలైనప్పుడు కూడా మిరుమిట్ల వెలుగుల గురించి థియేటర్ల దగ్గర హెచ్చరికలు పెట్టారు. మూర్ఛ ఉన్నవారిలో నూటికి సుమారు ముగ్గురికే ఇటువంటి వెలుగుతో ఫిట్సు వస్తుంది. కాబట్టి మూర్ఛ ఉన్న ప్రతి బిడ్డకూ సినిమా మాన్పించనక్కరలేదు. డాక్టరుగారిని అడగండి. ఆ రోజు మాత్ర మరచిపోవద్దు, నిద్ర తక్కువ కానివ్వవద్దు. ఇంట్లో దీపం వేసి, టీవీకి దూరంగా కూర్చోబెట్టండి. మిరుమిట్లు మొదలైతే ఒక కన్ను అరచేత్తో పూర్తిగా మూసి, ముఖం పక్కకు తిప్పమని నేర్పండి.

ఫిట్సు వస్తే బిడ్డను పక్కకు తిప్పి పడుకోబెట్టండి. మెడ దగ్గర గుండీలు వదులు చేయండి. నోట్లో స్పూను, గుడ్డ పెట్టవద్దు. చేతిలో తాళాలగుత్తి పెట్టి పనిలేదు. గడియారం చూడండి. అయిదు నిమిషాల్లో ఆగకపోతే 108కి ఫోన్ చేయండి. మొదటిసారి వచ్చిన ఫిట్సు అయితే ఆగిపోయినా ఆసుపత్రికి తీసుకురావాలి.

టికెట్టు కొనే ముందు

తెలుగులో పిల్లల కోసం తీసిన బొమ్మల సినిమాలు తక్కువ. 2006 సంవత్సరానికి ఉత్తమ యానిమేషన్ చిత్రంగా జాతీయ అవార్డు తెచ్చుకున్న 'కిట్టు' వంటివి వేళ్ల మీద లెక్కించవచ్చు. ఎక్కువగా డబ్బింగు చిత్రాలే వస్తాయి కాబట్టి ఎంపిక మన చేతిలోనే ఉంది. ఈ ప్రశ్నలు వేసుకోండి.

1. సర్టిఫికెట్‌లో ఉన్న వయసు ఎంత? మా ఇంట్లో అందరికన్నా చిన్న బిడ్డకు అది సరిపోతుందా?
2. భయం పుట్టించే ఘట్టం తరువాత కథ నెమ్మదికి చేరుతుందా, లేక భయంతోనే ముగుస్తుందా?
3. గొడవ తీరేది దెబ్బలతోనేనా, తెలివితో, స్నేహంతో కూడానా?
4. కథ ఎవరి రూపాన్ని, జబ్బును, పేదరికాన్ని చూసి నవ్వమంటోంది?
5. పక్కన కూర్చొనే పెద్దమనిషి ఎవరు? ఆయన సినిమా చూస్తారా, ఫోను చూస్తారా?
6. బిడ్డ "పోదాం పద" అంటే లేచి రావడానికి మనం సిద్ధమేనా?

ఆరవది చాలామందికి కష్టం. టికెట్టు డబ్బులు పోతాయని ఏడుస్తున్న బిడ్డను బలవంతంగా కూర్చోబెడతారు. "భయపడేది లేదు, మగపిల్లోడివి" అని గదుముతారు. భయపడిన బిడ్డను గదిమితే భయం పోదు, చెప్పడం మానేస్తాడు, అంతే.

సినిమా చూశాక రెండు మూడు రాత్రులు కలత నిద్ర సహజమే. పక్కన పడుకోబెట్టుకోండి, చిన్న దీపం ఉంచండి, ఆ ఘట్టాన్ని పలక మీద బొమ్మ గీయించండి. రెండు వారాలు దాటినా నిద్ర పట్టకపోయినా, బడికి పోనని మొండికేసినా, తిండి మానేసినా, మానిన పక్కతడుపు మళ్లీ మొదలైనా పిల్లల డాక్టరుకు చూపించండి. "సినిమా చూసి భయపడ్డాడు" అని చెప్పడానికి సిగ్గుపడవద్దు. మేము నవ్వము.

సినిమా నుండి వచ్చిన రాత్రి అన్నం దగ్గర టీవీ ఆపి, "నీకు ఎవరు నచ్చారు? ఎక్కడ భయం వేసింది?" అని రెండే ప్రశ్నలు అడగండి. తరువాత మీరు మాట్లాడటం ఆపి, బిడ్డ చెప్పేది వినండి.